ఆన్‌రోడ్ ధర అనే ఒకే ఒక్క అంకె

బుధవారంనాడు ఒడిశా రాయగడ జిల్లాలో బిస్సంకటక్ దగ్గరి చాటికోన సంతకు వెళ్లినవారికి ఒక దృశ్యం తప్పక కనిపిస్తుంది. నియమగిరి కొండల మీదినుంచి తెల్లవారకముందే బయల్దేరి దిగివచ్చిన డొంగ్రియా కొంధు గిరిజన స్త్రీలు అనాసపండ్లూ పసుపూ అరటిగెలలూ ముందు పెట్టుకొని కూర్చుంటారు. రాయగడనుంచి, మునిగుడనుంచి వెళ్లిన మన తెలుగువాళ్లు పండు ముప్ఫై అంటే ఇరవైకి అడిగి, ఇరవైకి ఒప్పుకుంటే పదిహేనుకు దింపి, చివరికి చిన్న పండొకటి కొసరు కూడా వేయించుకొని, ఏదో ఘనకార్యం చేసినట్టు సంచి భుజాన వేసుకొని తిరిగివస్తారు. వారిలో నేనూ ఉన్నాను. అదే మనిషి కారు షోరూంలో చల్లని గదిలో కూర్చొని, చేతికి కాఫీ కప్పు అందగానే, "ఆన్‌రోడ్ 8 లక్షల 12 వేలు సార్" అన్న మాట విని, ఆ 12 వేలు తీసేయమని పట్టుబట్టి, అయిదు వేలు తగ్గించగానే సంతోషంగా సంతకం చేసి వస్తాడు. అందులోనూ నేనున్నాను, 2014లో నా మొదటి కారును సరిగ్గా అలాగే కొన్నాను.

మొన్న 2025లో రెండో కారు కొన్నప్పుడు నాకు అర్థమైన విషయం ఒకటుంది. కారు బేరంలో నోటి చాతుర్యానికి చాలా తక్కువ చోటుంది. అనాసపండుకు ఒకటే ధర, దాన్ని పైకో కిందికో జరపడమే అక్కడి బేరం. కారుకు ఆన్‌రోడ్ ధర అని, అంటే బండి రోడ్డెక్కేసరికి అయ్యే మొత్తమని, చెప్పే ఆ ఒకే ఒక్క అంకెలో ఏడెనిమిది వేర్వేరు ధరలు కలిసి ఉంటాయి. కొన్నింటిని దేవుడొచ్చినా తగ్గించలేడు, కొన్నింటిని మనం అడగకపోయినా తగ్గించాల్సిందే, ఒకటి రెండైతే అసలు ఇవ్వనక్కరలేనివి. ఆ అంకెను విడగొట్టి కాగితం మీద పెట్టించనంతవరకు మనం చేసేది బేరం కాదు, బతిమాలడం. మా మామగారు ఈ మాట ఒప్పుకోరు. "గట్టిగా లేచి నిలబడి వెళ్లిపోతున్నట్టు నటిస్తే వాడే వెనక్కి పిలుస్తాడు" అన్నది ఆయన సిద్ధాంతం. 2014లో నేను లేచి నిలబడ్డాను. వాళ్లు వెనక్కి పిలిచారు కూడా. అయినా నష్టపోయాను, ఎలాగో చెబుతాను.

ఆనాడు రెండు గంటలు వాదించి అయిదు వేలు తగ్గించుకున్నాక, సేల్స్‌మన్ చాలా మర్యాదగా సంభాషణను ధరనుంచి నెలవాయిదాకు మళ్లించాడు. "నెలకు ఎంతవరకు కట్టగలరు సార్?" అన్నాడు. నేను నాకు సాధ్యమైన మొత్తం చెప్పాను. అతను కాసేపు లెక్కవేసి, సరిగ్గా ఆ మొత్తానికే వాయిదాను కుదిర్చి చూపించాడు, నేను మురిసిపోయాను. వాయిదా తగ్గింది వడ్డీ తగ్గినందుకు కాదనీ, అయిదేళ్ల అప్పు ఏడేళ్లకు సాగినందుకనీ నాకు తర్వాత తెలిసింది. ఇప్పటి లెక్కలో చెప్పాలంటే, 6 లక్షల అప్పును 9 శాతం వడ్డీకి అయిదేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 12,455 రూపాయలు కట్టాలి, ఏడేళ్లకైతే 9,653. నెలకు దాదాపు 2,800 మిగిలినట్టు కనిపిస్తుంది గాని, మొత్తంమీద ఏడేళ్ల మనిషి సుమారు 63,500 రూపాయలు ఎక్కువ కడతాడు. అయిదు వేల కోసం రెండు గంటలు వాదించినవాడు అరవై మూడు వేల దగ్గర నోరు మెదపకపోవడమే మన బేరసారాల అసలు కథ. అసలుకంటే వడ్డీ ముద్దు అన్న సామెత అప్పిచ్చేవాడికి చెందింది, తీసుకునేవాడికి కాదు.

"అయిదు శాతమే సార్, ఫ్లాట్" అనే మాట కూడా ఇలాంటిదే. ఫ్లాట్ అంటే బాకీ తగ్గుతున్నా మొదటి అప్పు మొత్తం మీదే చివరిదాకా వడ్డీ వేయడం. 6 లక్షలకు అయిదు శాతం చొప్పున అయిదేళ్లకు లక్షన్నర వడ్డీ, మొత్తం ఏడున్నర లక్షలు, నెలకు 12,500. పైన చెప్పిన తగ్గే బాకీ మీది 9 శాతం వాయిదాకంటే ఇది 45 రూపాయలు ఎక్కువే. అంటే ఆ అయిదు శాతం నిజానికి తొమ్మిదికి కాస్త పైన ఉన్న వడ్డీ. అందుచేత ఈసారి నేను ముందు నా జీతం పడే బ్యాంకుకు వెళ్లి అప్పు ఎంతకు దొరుకుతుందో తెలుసుకొని, ఆ తర్వాతే షోరూం మెట్లెక్కాను. షోరూంవారు కుదిర్చే అప్పుల మీద వారికి ఫైనాన్స్ సంస్థలనుంచి కమీషన్ ముడుతుంది, అందులో తప్పేమీ లేదు. కాని ఆ కమీషన్ ఎవరి జేబులోంచి వస్తుందో కొనేవాడికి తెలిసి ఉండాలి. అక్కడ నెలవాయిదా మాటెత్తినప్పుడల్లా, "అప్పు సంగతి నేను చూసుకుంటాను, ధర చెప్పండి" అన్నాను. ఈ ఒక్క వాక్యం నాకు మా మామగారి నటనకంటే ఎక్కువ పనికొచ్చింది.

ఇక ఆ అంకెను విడగొట్టడం గురించి. ఎక్స్‌షోరూం ధరలో (రిజిస్ట్రేషనూ బీమా కలపకముందు షోరూం చెప్పే ధర) జీఎస్టీ కలిసే ఉంటుంది. దాన్ని కంపెనీ వెబ్‌సైటులో ఊరి పేరు ఇచ్చి ఎవరైనా సరిచూసుకోవచ్చు. జీవితపన్ను, రిజిస్ట్రేషన్ రుసుము ప్రభుత్వానివి, వాటి మీద బేరం లేదు. ఫాస్టాగ్ 2017 డిసెంబరు 1 నుంచి కొత్త నాలుగుచక్రాల బండ్లన్నిటికీ తప్పనిసరి, అది కొద్దిపాటి ఖర్చు. 10 లక్షలు దాటిన కారుకు అమ్మకందారు ఒక శాతం ఆదాయపన్నును ముందే వసూలు చేస్తాడు, ఆదాయపన్ను రిటర్నులో దాన్ని సర్దుబాటు చేసుకోవచ్చు. నా కారు ఆ గీతకు కిందే ఉంది కాబట్టి నాకా గొడవ లేదు. మిగిలినవి మూడు: బీమా, "హ్యాండ్లింగ్ చార్జీలు" అని రాసిన 8,500, "ఎసెన్షియల్ కిట్" (అదనపు సామాను మూట) అని రాసిన 9,900.

హ్యాండ్లింగ్ అంటే ఏమిటని అడిగితే, కారును గోడౌనునుంచి షోరూంకు తెచ్చే ఖర్చన్నారు. అమ్మే వస్తువును అంగడికి తెచ్చుకునే ఖర్చు కొనేవాడు విడిగా ఇవ్వాలని ఏ చట్టంలో ఉందో చూపించమన్నాను. చాటికోనలో పసుపు అమ్మే మనిషి కొండ దిగివచ్చిన కూలి విడిగా అడగదు కదా అని కూడా అనాలనిపించింది గాని, ఆ సేల్స్‌మన్ అటు ప్రాంతంవాడేనని తెలిసి ఊరుకున్నాను. మొత్తానికి ఆ గీత కొట్టేశారు. ఎంత తేలిగ్గా కొట్టేశారంటే, అడగని వారందరి దగ్గరా వసూలు చేస్తూ అడిగినవారికి తీసేసే అలవాటు ఆ షోరూంలో ఎప్పటినుంచో ఉన్నదని అప్పుడే అర్థమైంది. అడగందే అమ్మయినా పెట్టదని అంటారు. ఇక్కడ అడగకపోతే మన పళ్లెంలోదే తీసుకుంటారు.

అందరూ వదిలేసేదీ, అన్నిటికంటే లావైనదీ బీమా. సుప్రీంకోర్టు ఆదేశం ప్రకారం 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా (మన బండివల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి) ఒకేసారి తీసుకోవాలి. దాని ప్రీమియం ప్రభుత్వం ప్రకటించినదే: నేను కొన్న 2025లో ఇంజను 1000 సీసీ లోపైతే 6,521 రూపాయలు, 1000 దాటి 1500 లోపైతే 10,640, జీఎస్టీ అదనం. ఏ కంపెనీ దగ్గరికి వెళ్లినా ఇందులో తేడా ఉండదు. తేడా అంతా మన బండికి జరిగే నష్టాన్ని భరించే రెండో భాగంలోనే ఉంటుంది, షోరూం లాభం కూడా అక్కడే ఉంటుంది. ఆ బీమాను షోరూంలోనే తీసుకోవాలన్న నియమం ఏదీ లేదు. కొటేషన్‌లో బీమాకు 38,400 రాశారు. అదే బీమా మొత్తానికి, అదే జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల అరుగుదల పేరుతో కోత లేని) సౌకర్యంతో, బయట ఒక ప్రభుత్వరంగ బీమా సంస్థ ఏజెంటు నాకు 24,600కు ఇచ్చాడు.

ఆ పద్నాలుగు వేల తేడాలో ఎక్కువ భాగం నాకు ముందే చెందవలసింది. పాత కారు మీద వరుసగా అయిదేళ్లు క్లెయిమ్ చేయనివారికి సొంత నష్టపు ప్రీమియంలో 50 శాతం వరకు నో క్లెయిమ్ బోనస్ అనే తగ్గింపు ఉంటుంది. ఆ బోనస్ మనిషిది, బండిది కాదు. పాత కారు అమ్మేసినప్పుడు బీమా కంపెనీనుంచి ఒక పత్రం తీసుకుంటే, మూడేళ్లలోగా కొనే కొత్త కారుకు దాన్ని వాడుకోవచ్చు. నేను పదకొండేళ్లుగా కారు నడుపుతున్నాను, ఈ సంగతి నాకు తెలియదు. పాత కారు పత్రాలన్నీ టేబుల్ మీద పరచి ఉన్నా షోరూంలో ఒక్కరూ చెప్పలేదు. మా ఆవిడ తన పాఠశాల సహోద్యోగిని ఒకామె ద్వారా విని వచ్చి చెప్పింది. ఆ మాట విన్నాక షోరూంవారు వెంటనే తమ అంకెను 29 వేలకు దించారు. బీమా బయట తీసుకుంటే క్యాష్‌లెస్ మరమ్మతు కుదరదని భయపెట్టబోయారు. ఆ బీమా కంపెనీతో ఒప్పందమున్న వర్క్‌షాపుల జాబితాలో వారి పేరే ఉందని చూపించాక ఆ ప్రస్తావన ఆగిపోయింది.

ఇప్పటివరకు చెప్పినవి ఏ ఊరివారికైనా వర్తిస్తాయి. ఒడిశా, ఆంధ్ర సరిహద్దున ఉండే మనకు ఇంకొక సౌలభ్యం ఉంది, దాన్ని మనం వాడుకోవడం లేదన్నది నా ఫిర్యాదు. మనకు రెండు అంగళ్లున్నాయి, రెండు పంచాంగాలున్నాయి.

రథయాత్ర ఆషాఢ శుద్ధ విదియనాడు వస్తుంది. ఒడియావారికి అది ఏ కొత్త పనికైనా మంచిరోజు. రాయగడలో షోరూంల ముందు బంతిపూల దండలు వేసిన కార్లు బారులు తీరి ఉంటాయి. మన లెక్కలో ఆ రోజు అప్పుడే మొదలైన శూన్యమాసంలో రెండోరోజు. 2025లో రథయాత్ర జూన్ 27న వచ్చింది. ఆ వారంలో నేను రాయగడ షోరూంకు వెళితే కూర్చోవడానికి కుర్చీ దొరకలేదు, తగ్గింపు ఆరు వేలన్నారు, ఇష్టముంటే తీసుకో అన్న ధోరణిలో. నాలుగు రోజులు ఆగి, జూన్ 30న, నెలాఖరు కావడం కూడా చూసుకొని, పొద్దున్నే రైలెక్కి పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విజయనగరం వెళ్లాను. అక్కడ అదే కంపెనీ షోరూంలో ఈగలు తోలుకుంటున్నారు. ఆషాఢంలో కారు కొనే తెలుగువాడు ఎక్కడుంటాడు? మేనేజరే స్వయంగా వచ్చి కూర్చున్నాడు. నెలలో అమ్మవలసిన బండ్ల లెక్క పూర్తికావడానికి అతనికి ఆ రాత్రివరకే గడువుంది. 28 వేల తగ్గింపు కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. ఆరు ఎక్కడ, ఇరవై ఎనిమిది ఎక్కడ? మధ్యలో ఉన్నది ఒక పూట రైలు ప్రయాణం, ఒక మాసం పేరు.

మంచిరోజును నమ్మవద్దని నేను చెప్పడం లేదు. మా ఇంట్లో ఆ మాట అనే ధైర్యం నాకు లేదు. డెలివరీని శ్రావణంలోనో నవరాత్రుల్లోనో తీసుకోవచ్చు, ధరను మాత్రం ఆషాఢంలో ఖాయం చేసుకోవచ్చు అంటున్నాను. ముహూర్తం తాళంచెవికి ఉంటుంది గాని కొటేషన్‌కు ఉండదు. పురోహితుడు గారిని కూడా అడిగాను, ఆయనా అభ్యంతరం చెప్పలేదు.

విజయనగరంలో నాకు ఇంకొక ఆశ కూడా చూపించారు. అదే కారు, అదే రంగు, 45 వేల తగ్గింపు. తరచి అడిగితే అది 2024 నవంబరులో తయారైన బండి. షోరూంలో ఎనిమిది నెలలు నిలబడి ఉంది. రేపు మనం తిరిగి అమ్మేటప్పుడు కొనేవాడు చూసేది తయారైన సంవత్సరాన్ని కాబట్టి ఒక ఏడాది వయసు ముందే పడిపోయినట్టు. పదేళ్లకు పైగా వాడేవాడికి ఇది పెద్ద నష్టం కాకపోవచ్చు, నాలుగేళ్లకు మార్చేవాడికి నష్టమే. ఫారం 21 అనే అమ్మకపు ధ్రువపత్రంలో తయారైన నెల, సంవత్సరం రాసి ఉంటాయి. డబ్బు కట్టేముందే ఆ వివరం కొటేషన్ మీద రాయించుకోవాలి. నేను ఆ బండి వద్దన్నాను, కొద్దిగా బాధపడుతూనే.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. "విజయనగరంలో కొంటే ఆంధ్రా లైఫ్ టాక్స్ పడుతుంది, అది ఎక్కువ కదా" అని మా ఆఫీసులో చాలామంది అంటారు. పన్ను కారు కొన్న ఊరిని బట్టి పడదు, కారు ఉండే ఊరిని బట్టి పడుతుంది. మోటారు వాహనాల చట్టం 40వ సెక్షన్ ప్రకారం యజమాని నివాసమో వ్యాపారమో ఉండి, బండి మామూలుగా నిలిచే చోటు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రంలోనే రిజిస్ట్రేషన్ జరగాలి. అక్కడ కొని, తాత్కాలిక రిజిస్ట్రేషన్‌తో ఇక్కడికి తెచ్చి, రాయగడ ఆర్టీవో కార్యాలయంలో ఒడిశా పన్ను కట్టి ఓడీ 18 నంబరు తీసుకోవడం పూర్తిగా సక్రమమైన పని. జీఎస్టీ ఇటైనా అటైనా ఒకటే. కంపెనీ వారంటీ దేశమంతటా ఒకటే కాబట్టి "అక్కడ కొంటే ఇక్కడ సర్వీసు చెయ్యం" అనే బెదిరింపుకు విలువ లేదు.

దీనికి తలకిందులైన మాట మా బావమరిదిది. పార్వతీపురంలో ఉంటాడు. నేను కారు కొంటున్నానని తెలిసి ఫోన్ చేసి, "బావా, మీ దగ్గర టాక్సు తక్కువటగా, నా కారు కూడా నీ పేరు మీద అక్కడే చేయించేద్దాం" అన్నాడు. ఒడిశాలో జీవితపన్ను ఆంధ్రప్రదేశ్‌తో పోలిస్తే తక్కువన్నది నిజమే, ఆదా అయ్యేది చిన్న మొత్తం కూడా కాదు. సరిహద్దు ఊళ్లలో ఇలా చేసినవారు నాకే ఇద్దరు ముగ్గురు తెలుసు. నేను కుదరదన్నాను, వాడికి కోపం వచ్చింది. కాని ఆలోచించి చూడండి. బండి వాడిది, పేరు నాది. రేపు ప్రమాదం జరిగితే కోర్టు నోటీసు వచ్చేది నాకు. బీమా డబ్బు అందవలసిందీ నాకే. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచిన బండికి అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలని 47వ సెక్షన్ చెబుతోంది. అప్పుడు అక్కడి పన్నూ తప్పదు. పట్టుబడనంతకాలమే అది ఆదా. ఇంత వివరంగా చెప్పినా వాడు "నీకిష్టం లేదని చెప్పు బావా" అన్నాడు. చట్టం సెక్షన్లతో బావమరుదులను ఒప్పించినవాడు చరిత్రలో లేడు.

విజయనగరం కాగితం పట్టుకొని రాయగడ షోరూంకు తిరిగివచ్చేసరికి రథయాత్ర సందడి తగ్గింది. ముందు "మాకు కంపెనీ అనుమతి లేదు" అన్నారు. ఈ మాట పూర్తిగా అబద్ధమేమీ కాదని చెప్పడం న్యాయం. మారుతి సుజుకి తన డీలర్లు నిర్ణయించిన హద్దుకు మించి తగ్గింపులు ఇవ్వకుండా కట్టడి చేసిందనీ, కొనుగోలుదారుల్లా నటించే మనుషులను షోరూంలకు పంపి అలా ఇచ్చేవారిని పట్టుకుందనీ తేల్చి, వ్యాపారంలో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ 2021 ఆగస్టులో ఆ కంపెనీకి 200 కోట్ల రూపాయల జరిమానా విధించింది. కంపెనీ దానిపై అప్పీలుకు వెళ్లింది. ఆ వార్త చదివినప్పటినుంచి "సార్, ఇంతకంటే నావల్ల కాదు" అని చెప్పే కుర్రవాడి మీద నాకు కోపం రాదు. కార్ల అమ్మకంలో డీలరుకు మిగిలేది కూడా మనం ఊహించుకున్నంత ఉండదు, ఎక్స్‌షోరూం ధరలో కొద్ది శాతమే. అందుకే బీమాలోనూ అప్పులోనూ కిట్లలోనూ పూడ్చుకుంటారు. ఆ కారణంచేతనే బేరం కూడా అక్కడే పెట్టాలి. నా విజయనగరం కాగితం ఫోటో తీసుకొని పైకి పంపించి, రెండు రోజుల తర్వాత 21 వేలకు ఒప్పుకున్నారు. ఏడు వేల తేడాకు నేను రాయగడకే మొగ్గాను. తాత్కాలిక రిజిస్ట్రేషన్, రానుపోను ప్రయాణాలు, పాత కారు గొడవ లెక్కవేస్తే ఆ ఏడు వేలు అటే ఖర్చవుతాయి.

పాత కారు గురించి రెండు మాటలు చాలు. దాన్ని మార్పిడికి ఇవ్వడం వేరే వ్యాపారం, దాన్ని కొత్త కారు బేరంలో కలపనివ్వకూడదు. కలిపితే ఇటు పెంచినట్టు చూపించి అటు తగ్గిస్తారు. విజయనగరంలో నా ఓడీ బండికి ఒడిశా ఆర్టీవోనుంచి ఫారం 28 మీద అభ్యంతరం లేదన్న పత్రం తేవాలన్న సాకుతో బాగా తక్కువ ధర కట్టారు. చివరికి రాయగడలోనే మా వీధి మెడికల్ షాపు యజమానికి, షోరూంవారు ఎక్స్‌ఛేంజ్ బోనస్‌తో కలిపి ఇస్తామన్న దానికంటే 18 వేలు ఎక్కువకు అమ్మాను.

ఆగస్టు మొదటివారంలో, శ్రావణంలో, 11 వేలు కట్టి బుక్ చేశాను. మేమడిగిన రంగు రావడానికి నెల పడుతుందన్నారు. ఇంతలో ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోటనుంచి జీఎస్టీ తగ్గిస్తామని ప్రకటించారు. సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయించింది. పొడవు 4,000 మిల్లీమీటర్లలోపు, పెట్రోలు ఇంజను 1200 సీసీలోపు, డీజిలైతే 1500 సీసీలోపు ఉన్న కార్లకు అంతవరకు 28 శాతం జీఎస్టీతోపాటు పెట్రోలు బండికి ఒక శాతం, డీజిలు బండికి మూడు శాతం సెస్సు పడుతుండగా, సెప్టెంబరు 22 నుంచి అన్నిటికీ కలిపి 18 శాతం మాత్రమే. చిన్న కారు అనే ఈ కొలత 2006 బడ్జెట్‌లో ఎక్సైజు సుంకం తగ్గించినప్పటిది. బాలెనో 3,990 మిల్లీమీటర్లు, ఐ20 3,995 మిల్లీమీటర్లు ఉండటానికి కారణం అందమో వంకరసందుల సౌకర్యమో కాదు, పన్నుగీత.

ఎక్స్‌షోరూం 7 లక్షలున్న పెట్రోలు కారులో 29 శాతం పన్ను తీసేస్తే అసలు ధర 5,42,636. దాని మీద 18 శాతం వేస్తే 6,40,310. అంటే 59,690 రూపాయలు తగ్గింది. రెండు ఊళ్లు తిరిగి, నెలన్నర వాదించి నేను సాధించిన 21 వేలకు ఇది దాదాపు మూడింతలు. ఈ సంగతి నా గర్వానికి కొంత దెబ్బే.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. సెప్టెంబరు మూడోవారంలో షోరూంనుంచి కొత్త కొటేషన్ పంపారు. పన్ను తగ్గింది, దాంతోపాటు 21 వేల తగ్గింపు కూడా మాయమైంది. "జీఎస్టీలో అంత కలిసివచ్చింది కదా సార్, ఇంకా డిస్కౌంట్ ఏమిటి" అన్నారు. ఆన్‌రోడ్ ధర అనే ఒకే అంకె మీద బేరమాడి ఉంటే నా దగ్గర జవాబు ఉండేది కాదు, ఎందుకంటే కొత్త అంకె పాత అంకెకంటే ఎలాగూ తక్కువే. కాని నా బుకింగ్ కాగితంలో పన్ను ఒక గీతలో, తగ్గింపు మరో గీతలో విడివిడిగా ఉన్నాయి. పన్ను తగ్గించింది ప్రభుత్వం, తగ్గింపు ఒప్పుకున్నది మీరు. ప్రభుత్వం ఇచ్చినదాన్ని మీ ఖాతాలో ఎలా వేసుకుంటారని అడిగాను. జిల్లా వినియోగదారుల కమిషన్ పేరు, 1915 హెల్ప్‌లైన్ పేరు కూడా ఎత్తాను, గొంతు పెంచకుండా.

వాళ్ల వైపు న్యాయం అసలు లేదనడం తప్పు. ఆ 21 వేలలో కంపెనీ స్కీము కింద వచ్చేది ఒక భాగం, షోరూం తన లాభంలోంచి ఇచ్చేది మరో భాగం. కంపెనీ స్కీములు బిల్లు తేదీని బట్టి వర్తిస్తాయి, బుకింగ్ తేదీని బట్టి కాదు. ఆ నెలలో కంపెనీ ఆ స్కీమును నిజంగానే తీసేసింది, ఆ ఉత్తరం నాకు చూపించారు కూడా. పైగా పాత నిల్వల మీద డీలర్లు ముందే కట్టిన సెస్సు వారి ఖాతాల్లో చిక్కుకుపోయిన సమయమది. నేను చేసిన పొరపాటు కూడా ఉంది: తగ్గింపులో ఏది ఎవరిదో బుకింగ్ రోజునే విడగొట్టించి, "డెలివరీ ఎప్పుడైనా వర్తిస్తుంది" అని రాయించి ఉండవలసింది. విడగొట్టాలని ఇంత చెబుతున్న నేనే ఒక గీతను విడగొట్టడం మరిచిపోయాను. చివరికి షోరూం భాగమైన 13 వేలు నిలిచాయి, కంపెనీ భాగమైన 8 వేలు పోయాయి. ఆ 13 వేలను మ్యాట్లూ పాలిషులూ రూపంలో ఇస్తామంటే ఒప్పుకోకుండా బిల్లులోనే చూపించమన్నాను. బిల్లులో చూపిన తగ్గింపు మీద జీఎస్టీ పడదు కాబట్టి ఆ మేరకు పన్నూ తగ్గుతుంది. "15 వేల విలువైన యాక్సెసరీలు" అని వారు చెప్పిన మూటను బయట మెయిన్ రోడ్డులో విచారిస్తే ఆరు వేలకు మించలేదు.

నవరాత్రుల్లో అయిదోరోజున కారు తెచ్చుకున్నాం. తాళం ఇచ్చేముందు ఫారం 21లో నెల చూశాను: 2025 ఆగస్టు. కంపెనీనుంచి అభిప్రాయం అడుగుతూ ఫోన్ వస్తుందనీ, పూర్తి మార్కులు ఇమ్మనీ సేల్స్‌మన్ కుర్రవాడు రెండుసార్లు చెప్పాడు. అతని నెల జీతంలో కొంత దాని మీద ఆధారపడి ఉంటుందట. ఇచ్చాను. మఝిఘరియాణి గుడి దగ్గర పూజ చేయించి బయటికి వచ్చేసరికి వాన మొదలైంది. అందరి కాళ్లకూ బురద, కొత్త కారులో అడుగున ఏమీ లేదు. వెనక్కి తిప్పి షోరూంకు పోనిచ్చి, రబ్బరు మ్యాట్లు ఎంతో అడిగితే 2,900 అన్నారు. బజారులో అవి పన్నెండు వందలని నాకు తెలుసు. మా ఆవిడ నా మొహం చూసి, ఒక్క మాట కూడా అననివ్వకుండా డబ్బు తీసి ఇచ్చేసింది.